మస్తానన్న చూసిన డిటెక్టివ్ కథకు ముగింపు కావాలి

మా చిన్నప్పుడు... కృష్ణపట్నం రేవులో, అందరి ముందు, మస్తానన్నను అబద్ధాలకోరు అన్నారు. పదేళ్ళయింది. ఆ మాట ఇంతవరకు ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నా కోపమూ తగ్గలేదు.

మస్తానన్న మా పక్కింటాయన. ఓడలో బొగ్గు వేసే పని. ఏడాదికో రెండేళ్ళకో సెలవు మీద వచ్చేవాడు. ఆయన వచ్చాడంటే సాయంత్రం పిల్లలమంతా ఇసుకలో బోర్లించిన పడవ దగ్గర చేరేవాళ్ళం... ఆయన తెచ్చే బిస్కెట్ల కోసం కాదు. లండన్ రేవులో, ఓడ పనివాళ్ళు దిగే సత్రంలో ఆయన చూసిన టెలివిజన్ కథ కోసం.

టెలివిజన్ అంటే ఏమిటో మాకు తెలియదు. ఇప్పటికీ మా ఊళ్ళో ఆయన తప్ప ఎవరూ చూడలేదు.

"ఇంట్లో పెట్టుకునే సినిమారా," అనేవాడు.

ఆ కథలో ఒక ప్రైవేటు డిటెక్టివ్. బూడిదరంగు కోటు, సన్నటి టై, కంటి మీదికి వంచిన టోపీ. ఏం జరిగినా పరుగెత్తడు. ప్రశ్న అడిగే ముందు చొక్కా చేతిమడత సర్దుకుంటాడు... అంతే, ఎదుటివాడికి చెమటలు. ఇదంతా మస్తానన్న లుంగీలోనే చేసి చూపించేవాడు. టోపీకి బదులు వాళ్ళమ్మ రొయ్యల బుట్ట నెత్తిన బోర్లించి ఒక పక్కకు వంచేవాడు. వాసన మా దాకా వచ్చేది. అయినా మాకు ఆ డిటెక్టివే కనిపించేవాడు.

విందులో ఒక ముత్యాల వ్యాపారి చచ్చిపడి ఉంటాడు. చేతులకు తొడుగులేసుకున్న ఒకామె, ఒక ముసలి డాక్టరు... ఇట్లా విందుకొచ్చినవాళ్ళలోనే ఒకరు చంపి ఉంటారు.

"ఆ తొడుగులామేనన్నా చంపింది," అనేవాడు నా స్నేహితుడు ఏసుదాసు, ప్రతిసారీ.

"నువ్వు పోలీసోడివి కావద్దురా. ఊర్లో ఆడోళ్ళందర్నీ జైల్లో పెడతావు."

"నీకు ఇంగ్లీషు రాదు గదన్నా, ఎట్ట అర్థమైంది?" అని నేనడిగేవాణ్ణి.

"మాట తెలీకపోతే ఏమిరా... భయం మొగంలో తెలస్తాది గదా."

చివర డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలో నిలబెడతాడు. తొడుగులామెను దాటి, ముసలి డాక్టరును దాటి, నెమ్మదిగా వేలు ఎత్తుతాడు... సరిగ్గా అప్పుడు సత్రం దొర వచ్చి, ఓడ పనివాళ్ళ వేళ అయిపోయిందని టెలివిజన్ కట్టేశాడట.

"బొమ్మంతా కుంచించుకోని ఒక తెల్ల చుక్కయిపోయిందిరా... ఆ చుక్క కాసేపు నడిమధ్యలో నిలబడి, ఆరిపోయింది."

అది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గేది. మేం ఇంకా దగ్గరికి జరిగేవాళ్ళం...

ఒక సాయంత్రం మా వీధి అంగడాయన అటు వచ్చాడు.

"ఏం మస్తానూ, ఆ పెట్టెలో మనుషులకు కూడెవరు పెడతారు?"

"బొమ్మలన్నా అవి. సినిమా మాదిరి."

"సరే, చంపిందెవరో చెప్పు."

"చూళ్ళేదన్నా. ఆపేసినారు."

"చూసుంటే గదా. అల్లినావు, కొస దొరకలేదు. అబద్ధాలకోరు."

పడవల దగ్గరున్న పెద్దలంతా నవ్వారు. మస్తానన్న బుట్ట తీసి ఇసుకలో పెట్టాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు సెలవుకు వచ్చినా, ఎంత బతిమాలినా, ఆ కథ చెప్పలేదు.

నేను బడికి పోయింది తక్కువ. కావలిలో రేడియోలు బాగుచేసే అంగడిలో పని చేస్తూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. మొన్న ఒక పాత పత్రికలో టెలివిజన్ గురించి రాశారు. కట్టేయగానే బొమ్మ నడుమ చుక్కలా నిలిచి ఆరిపోతుందట. అంటే... మస్తానన్న నిజంగానే టెలివిజన్ చూశాడు. చూడనివాడికి ఆ చుక్క సంగతి ఎట్లా తెలుస్తుంది?

పత్రిక తీసుకుపోయి అంగడాయనకు చూపించాను.

"చుక్క సరేరా, చంపిందెవరు?" అన్నాడు.

ఇప్పుడు మా రేవులో పిల్లలు రేడియో చుట్టూ కూర్చుంటున్నారు. మస్తానన్న దూరంగా, సముద్రం వైపు తిరిగి బీడీ కాలుస్తుంటాడు. ఆ బుట్ట ఇప్పుడు రొయ్యలకు మాత్రమే పనికొస్తోంది...

వచ్చే పౌర్ణమి దాటగానే ఆయన మళ్ళీ ఓడెక్కుతాడు. వయసైపోయింది, ఇదే ఆఖరు అంటున్నాడు. ఇది చదివే మీలో పనికో చదువుకో ఆ దేశం పోయి ఆ కథ చూసినవాళ్ళుంటే, డిటెక్టివ్ వేలు ఎవరి మీద ఆగిందో చెప్పండి. పౌర్ణమి లోపల జవాబు రావాలి.

ఆ పేరు నేను అంగడాయనకు చెప్పను. మస్తానన్న చెవిలో చెబుతాను... బుట్ట నెత్తిన పెట్టుకుని ఆయనే చెప్పాలి, అందరి ముందు.