చిన్న బోర్డుల మేడం

సోమవారం ఉదయం పది దాటాక మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మేడం ఫొటో వచ్చింది. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, "మా కుటుంబ సభ్యురాలిని కోల్పోయాం" అన్న ముక్క. దాని కిందే ఇంకో మెసేజ్: పదిన్నర మీటింగ్ పదకొండుకు మారింది. ఆదివారం సాయంత్రం మెదడులో రక్తనాళం చిట్లి ఆవిడ పోయారట. నలభై ఏడేళ్ళు. పద్నాలుగేళ్ళు పనిచేసిన చోట ఆవిడ చావుకు ఇచ్చిన విలువ అరగంట.

కుటుంబం అన్న మాట చూసి నాకు ఒళ్ళు మండింది. ఆ కుటుంబం ఆవిడను ఎక్కడ కూర్చోబెట్టి అన్నం తిననిచ్చిందో నాకు తెలుసు. మేడంవాళ్ళది కొల్లేటి ఒడ్డున చేపలు పట్టే ఇల్లు. తల్లి గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి చేపలమ్మి చదివించింది. మేడం క్యారేజీలో వారానికి రెండుసార్లయినా రొయ్యపొట్టు కూర ఉండేది. ఒకరోజు క్యాంటీన్ గోడమీద కాగితం అంటించారు, ఘాటు వాసన వచ్చే ఆహారం తేవద్దని. పేరు రాయలేదు. రాయక్కర్లేకపోయింది. మర్నాటి నుంచి ఆవిడ గుణదలలోని మా బిల్డింగ్ నాలుగో అంతస్తు మెట్లమీద కూర్చుని తిన్నారు. నేనూ నా డబ్బా పట్టుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను. రంజాన్ నెలలో నేను ఉపవాసం ఉంటే, "ఇవాళ నాకూ ఆకలిగా లేదులే అమ్మాయ్" అని క్యారేజీ మూత తీసేవారు కాదు. నెల పొడుగునా ఆకలి లేకపోవడం ఏమిటని నేనెప్పుడూ అడగలేదు.

ఆవిడ చేసే పని ఏమిటో మా ఆఫీసులోనే సగం మందికి తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. నేను టెస్టింగ్ టీములో ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. మేము ప్రోగ్రాములు ఒక భాషలో రాస్తాం. కంప్యూటర్ గుండెకాయలాంటి ప్రాసెసర్‌కు ఆ భాష రాదు. ప్రోగ్రాం నడుస్తూండగానే అప్పటికప్పుడు దాన్ని ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చిపెట్టేదాన్ని జిట్ కంపైలర్ అంటారు. చిక్కేమిటంటే ప్రాసెసర్లన్నీ ఒక రకం కావు. ఆఫీసు బల్లమీది కంప్యూటర్లో ఒక రకం, అరచేతిలో పట్టే చౌక బోర్డుల్లో ఇంకో రకం. ఒకదానికి సరిపోయిన మార్పు రెండోదాన్ని పడగొడుతుంది. ఎవరు ఏ కొత్త హంగు చేర్చినా అది అన్ని రకాలమీదా నడిచేలా చూడటం మేడం పని. హంగు చేర్చినవాళ్ళకు చప్పట్లు, ప్రమోషన్లు. నిలబెట్టినావిడకు "ఇంకా అవలేదా?"

ఆవిడ బల్లమీద నాలుగు చిన్న బోర్డులు వైర్లతో ఎప్పుడూ మినుకుమినుకుమంటూ ఉండేవి. ప్రతి మార్పునూ వాటిమీద నడిపి చూశాకే సరే అనేవారు. "నడుస్తోంది కదా మేడం" అని ఎవరైనా అంటే, కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎక్కడ నడుస్తోందండీ?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు కుర్రవాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. చిన్న బోర్డుల మేడం అని పేరు పెట్టింది కూడా వాళ్ళే.

రెండేళ్ళ కిందట ఎవరో పెద్ద క్లయింటు వస్తున్నాడని ఆ బల్ల శుభ్రం చేయించారు. బోర్డులను అట్టపెట్టెలో వేసి స్టోర్ రూములో పడేశారు. అదే వారం మా మేనేజరు, స్పీడు పెరుగుతుందని, జిట్‌లో ఒక లైను తీసేశాడు. ఆ లైను చేసే పని చిన్నదే. కొత్త ఆదేశాలు రాశాక, "నీ దగ్గరున్న పాతవి పారేసి వీటిని చూడు" అని ప్రాసెసర్‌కు చెప్పడం. ఆఫీసు కంప్యూటర్లలోని రకం చెప్పకపోయినా దానంతటదే చూసుకుంటుంది. బోర్డుల్లోని రకానికి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఒక్కోసారి పాత ఆదేశాలే నడిపేసి ఆగిపోతుంది. ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. మేడం మూడు ఉత్తరాలు రాశారు. మూడోదానికి జవాబొచ్చింది: "మన పరీక్షలన్నీ పాసయ్యాయి." పాసవక ఏం చేస్తాయి? పట్టుకునే బోర్డులు అట్టపెట్టెలో ఉన్నాయి.

మా ప్రోగ్రాం రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు నడిపే బాక్సుల్లో కూడా ఉంటుంది; వాటిలోదీ ఆ చౌక బోర్డుల రకం ప్రాసెసరే. నీళ్ళను చిలికి గాలి అందించే చక్రాలే ఏరేటర్లు. అవి ఆగితే రొయ్యకు ఊపిరి ఉండదు. కైకలూరు దాటాక ఒక రైతు చెరువులో బాక్సు ఆగిపోయింది. తెల్లారేసరికి చెరువంతా రొయ్య తేలిపోయింది. కరెంటు హెచ్చుతగ్గులవల్ల జరిగిందని మావాళ్ళు లెటర్ ఇచ్చారు. ఆ లెటర్ చూసిన రోజు మేడం అన్నం తినలేదు. స్టోర్ రూములోంచి బోర్డులు తెచ్చుకుని, మూడు రోజులు కూర్చుని, బాక్సు ఆగిన తీరునే తన బల్లమీద మళ్ళీ ఆగేలా చేసి చూపించారు. చూడటానికి మేనేజరు రాలేదు.

ఆ వారం శనివారం పొద్దున్నే మేడం నాకు ఫోన్ చేశారు. "అమ్మాయ్, నేను కైకలూరు వెళ్తున్నా. వస్తావా?"

కంకిపాడు, గుడివాడ మీదుగా బస్సు. రైతు చెరువుగట్టుమీద ఉన్నాడు. ఖాళీ చెరువు, అడుగున బురద పెచ్చులు కట్టి ఉంది. మేము ఎవరమో చెప్పగానే ముఖం గంటు పెట్టుకున్నాడు.

"మళ్ళీ ఏం చెప్పడానికొచ్చారండీ? మీరేమో కరెంటంటారు, కరెంటోళ్ళేమో బాక్సంటారు. ఆ రోజు కాపలా నా తమ్ముడిది. తాగి పడుకున్నావని వాడిమీద నలుగురిలో చెయ్యి చేసుకున్నా. వాడు ఒట్టేసి చెప్పినా నమ్మలేదు. ఇల్లొదిలి పోయాడు. నాలుగు నెల్లయింది."

మేడం చెప్పులు విడిచి గట్టుమీద నిలబడ్డారు. "మీ తమ్ముడి తప్పు లేదండీ. కరెంటు తప్పూ కాదు. తప్పు మాది. చెయ్యాల్సిన పని ఒకటి మా ప్రోగ్రాంలోంచి తీసేశారు. తీస్తే ఇలా అవుతుందని నాకు తెలుసు. గట్టిగా ఆపలేకపోయాను."

ఆయన తిడతాడనుకున్నాను. జేబులోంచి ఫోన్ తీసి మా ముందే నంబరు కొట్టాడు. అవతల ఎత్తగానే, "ఒరే, నువ్వు కాదంటరా..." అన్నాడు. ఫోన్ మేడం చేతికిచ్చి పక్కకు తిరిగాడు. ఆవిడ ఆ తమ్ముడికి మొత్తం కథ మొదటినుంచీ, ఏ లైను ఏం చేస్తుందో కూడా, ఓపిగ్గా చెప్పారు. అతనికి ఎంత అర్థమైందో తెలియదు. చివర్లో, "అన్నయ్యకివ్వండమ్మా" అన్నాడు. ఇచ్చేశారు.

ఆ తర్వాతి సోమవారం మేనేజరు మేడంను పిలిచి, గది తలుపు మూయకుండానే అరిచాడు. "కస్టమర్ దగ్గరికెళ్ళి తప్పు ఒప్పుకోడానికి మీకు పర్మిషన్ ఎవరిచ్చారు?"

"తప్పు చేసేటప్పుడు మీరెవర్ని అడిగారు సార్?" అన్నారు మేడం. గొంతు పెంచలేదు.

ఆవిడను ప్రోగ్రాం గురించి కాగితాలు రాసే డాక్యుమెంటేషన్‌కు మార్చారు. కిటికీ లేని మూల, పాత కుర్చీ. తీసేసిన లైనును మాత్రం ఆవిడే మళ్ళీ పెట్టారు, ఇంకెవరికీ చేతకాదు కనక. తర్వాతి రిలీజులో ఆ పని మేనేజరు పేరు కింద "స్థిరత్వం మెరుగుపరిచాం" అని వచ్చింది. ఈ మాట ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలనే ఇది రాస్తున్నాను. ఆ లైను ఆవిడది. ఇవాళ డెల్టాలో ఆ బాక్సు ఆగకుండా తిరుగుతున్న ప్రతి చెరువుగట్టూ ఆవిడకు బాకీ పడింది. డాక్యుమెంటేషన్‌లో ఉంటూనే చివరిదాకా మిగతా రకాల ప్రాసెసర్ల పనంతా చూశారు. "ఎందుకు మేడం?" అని నేను కోపంగా అడిగితే, "వీళ్ళమీద అలిగి అక్కడ రొయ్యల్ని చంపుతామా?" అన్నారు. నాకు ఆ మంచితనం మీద కూడా కోపమే వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

మేడం పోయిన మూడో రోజున వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆఫీసు కారు అప్పటికే వచ్చి ఉంది. మేనేజరు, హెచ్ఆర్ అమ్మాయి దండ వేశారు, ఫొటోలు తీయించుకున్నారు. ఇన్నోవేషన్‌లో కీలక పాత్ర అంటూ ఏదో చెప్పారు. ఆ తర్వాత హెచ్ఆర్ అమ్మాయి గొంతు తగ్గించి, "ప్రొసీజర్ అండీ, లాప్‌టాప్, ఐడీ కార్డు ఇస్తే..." అంది. మూడో రోజున.

మేడం తల్లి లోపల్నుంచి రెండూ తెచ్చింది. ఇవ్వకుండా నా వైపు తిరిగింది. "నువ్వు మెట్లమీద కూకుని తినే పిల్లవి కదూ? ఈళ్ళు చెప్పింది నాకొక్క ముక్క తెలీలేదు. అసలు నా కూతురు ఏం పనిచేసేదమ్మా?"

"రకరకాల మిషన్లుంటాయమ్మా. ఒకదానికి తెలిసిన మాట ఇంకోదానికి తెలీదు. అన్నిటికీ అర్థమయ్యేలా చెప్పడం మేడం పని. సరిగ్గా చెప్పకపోతే చెరువుల్లో చక్రాలాగిపోతాయి. ఒకసారి వేరేవాళ్ళవల్ల ఆగితే, వెళ్ళి తప్పు మాదని ఒప్పుకున్నది కూడా ఆవిడే."

ముసలామె మేనేజరు ముఖంలోకి చూసింది. "మరి ఆ మాట మీరు చెప్పలేదేం బాబూ?"

అతను చెప్పులు వెతుక్కున్నాడు.

ముసలామె లాప్‌టాప్ ఇచ్చేసింది. కార్డుకు చెయ్యి చాపిన హెచ్ఆర్ అమ్మాయితో, "ఇది నా పిల్ల బొమ్మమ్మా. ఇయ్యను" అంది. నీలం తాడు తన మెడలో వేసుకుంది. కారు కదిలాక నేనూ బస్సుకోసం రోడ్డెక్కి వెనక్కి చూశాను. ఆమె వాకిట్లో నిలబడి ఉంది. కొల్లేటి గాలికి కార్డు మాటిమాటికీ బోర్లపడుతోంది. ఆమె మాటిమాటికీ ఫొటో పైకి వచ్చేలా తిప్పుకుంటోంది.