కుప్పలు కాల్చే తేదీ

అడవి మధ్య వాచ్‌టవర్ మీద నిలబడి పొగ కోసం చూడటం పదహారేళ్లుగా ఆమె ఉద్యోగం. అందుకే అందరికీ ఆమె టవరక్క. ఎక్కేటప్పుడు మోకాళ్లు ఆఫీసును తిడతాయని, దిగేటప్పుడు తనను తిడతాయని చెప్పి నవ్వేది. ఈ ఎండాకాలం ఆ నవ్వు పోయింది.

రోజూ పొద్దున్నే టవర్ కింద రాలిన ఆకులు వంద గ్రాములు తూచి, పొయ్యి మీద బాగా ఆరబెట్టి, మళ్లీ తూస్తుంది. తగ్గిన బరువే ఆకులోని తడి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ రోజులకి పద్దెనిమిది గ్రాములుండేది. ఈ ఏడాది ఆరే. వానలు ముందే మొహం చాటేశాయి, ఎండలు నెల ముందే దిగబడ్డాయి.

మంటలు పాకకుండా కూలీలు అడవికి అడ్డంగా వెడల్పాటి బాట ఊడుస్తారు. ఊడ్చిన ఆకుల్నీ పుల్లల్నీ అంచుల్లో కుప్పలు పోస్తారు. ఆఫీసు చెప్పిన తేదీన, మనుషులు కాపలా ఉండగా, వాటిని కాల్చేయాలి. ఆ తేదీ ముప్పై ఏళ్ల కిందట ఎవరో పెట్టింది. ఎండలు ముందుకు జరిగాయి గానీ అది జరగలేదు.

టవరక్క తన పై అధికారి, ఫారెస్టు రేంజరుకు రెండుసార్లు ఫోన్ చేసింది. "సార్, కాస్త తడి ఉండగానే కాల్చేద్దాం. ఇంకో వారం పోతే పెట్రోలు డబ్బాలు వరసగా పెట్టినట్టే."

"ఆర్డరు రావాలి కదమ్మా. నువ్వు పొగ చూడు, క్యాలెండరు నేను చూసుకుంటా."

తేదీ ఇంకా పన్నెండు రోజులుందనగా ఆ కుప్పల వరసలోంచే పొగ లేచింది. మంటల్ని ఆపాల్సిన బాటే వాటిని మూడు కొండల దాకా మోసుకుపోయింది.

నాలుగో రోజు రేంజరు ఆమెను ఆఫీసుకు పిలిపించాడు. బయట బెంచీ మీద ఆమె తమ్ముడు కూర్చున్నాడు. మేకలు కాస్తాడు. పందొమ్మిది మేకలు కాలిపోయాయి, కనుబొమలు కమిలిపోయాయి.

లోపల రేంజరు ఆమె ముందుకు తోసిన రిపోర్టులో, మంటలకు కారణం దగ్గర "మేకల కాపరి పారేసిన బీడీ" అని ఉంది. పొగ మొదట చూసిన మనిషి సంతకం లేనిదే కేసు నిలవదు.

"మా తమ్ముడు బీడీ మానేసి రెండేళ్లయింది సార్. మా మరదలి నోటికి భయపడి."

"ఏదో ఒక నిప్పురవ్వ పడే ఉంటుంది కదమ్మా."

"పదహారేళ్లుగా పడుతూనే ఉన్నాయి. పడ్డచోటే చచ్చేవి. ఆకులో తడి ఉండేది కాబట్టి. ఆ తడి వాడు తాగేశాడా? ఎండల్ని వాడు పెంచాడా? కుప్పలు వాడు పోశాడా?"

"పై వాళ్లకి ఒక మనిషి కావాలి. ఎండ మీద కేసు పెట్టమంటావా?"

"తేదీ మీద పెట్టండి."

పెన్ను తీసుకుని బీడీ మాట కొట్టేసింది. కింద రాసింది: తడి ఆరు గ్రాములు. కుప్పలు కాల్చమని రెండుసార్లు అడిగాను, కాల్చలేదు. సంతకం దానికింద పెట్టింది.

రేంజరు కాగితం తన వైపు లాక్కున్నాడు. "వచ్చే సీజన్‌కి టవర్ డ్యూటీలో నీ పేరు ఉండదు. తెలుసు కదా?"

"తెలుసు. నా తర్వాత టవర్ ఎక్కేవాళ్లకి ఆకుల తూకం నేర్పించండి."

బయటికొచ్చి తమ్ముణ్ణి రెక్క పట్టుకుని లేపింది.

"సంతకం పెట్టావా అక్కా?"

"పెట్టా. నడు, ఆ కాలినచోట మందు రాయించుకుందువుగానీ."