చివరిదాకా విన్న పాట

ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే బస్సులో, ఫోన్‌లో ఒక జపాన్ పాట చివరిదాకా విన్నాను. సన్నటి ఆడగొంతు, దాని వెనక ఎవరిదో గొణుగుడు. అయిపోయాక కింద కామెంట్లు చూస్తే, పూర్తిగా విన్నవాళ్ల ఇంట్లో చావు తప్పదని రాసి ఉంది. నాకప్పుడు ఏడో నెల. అబద్ధమని తెలిసినా చెమటలు పట్టాయి.

పక్కన చెక్క గరిటెల సంచితో కూర్చున్న ముసలామె, "ఏందమ్మా, అట్ల చెమటలు పడతా ఉండాయి?" అనడిగింది. చెప్పాను.

"ఏదీ, నాకు పెట్టు" అంది. వద్దన్నా ఊరుకోలేదు. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని పాటంతా వినింది.

"నేనూ వినేసినాను. వచ్చేదేదన్నా ఉంటే పెద్దదాన్ని, ముందు నా కాడికే వస్తాది. నువ్వు నిమ్మళంగా ఉండు" అంది. ఇయర్‌ఫోన్ తీసి నా చేతికిస్తూ, "గొంతు బాగుండాది. ఆ పిల్లకేం కష్టమో పాపం" అంది.

నాకు నవ్వొచ్చింది.

నెలలు నిండి పాప క్షేమంగా పుట్టింది. అయినా ఆ ముసలామె ఎలా ఉందోనన్న దిగులు మాత్రం నన్ను వదల్లేదు. పోయిన నెల ఉదయగిరి బజార్లో, ఆమె ఎవరితోనో గట్టిగా మాట్లాడుతూ టీ తాగుతుంటే చూశాను. నన్ను గుర్తుపట్టలేదు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.