కంప్యూటరు అడవిలో కొమ్మల కుప్ప

2007లో కడపలోని ఒక చిన్న గేమ్ స్టూడియోలో నన్ను ఎన్విరాన్‌మెంట్ విభాగానికి సూపర్‌వైజరుగా వేశారు. అంతకుముందు గనుల ఆఫీసులో మ్యాపులు గీసేదాన్ని. నా పని సంగతులు అడిగావుగా, రాసుకుంటున్నావా నాన్నా? ఎన్విరాన్‌మెంట్ అంటే ఆటలో మనుషులు, తుపాకులు తప్ప మిగతాదంతా. నేల, రాయి, చెట్టు, ఆకాశం. మాకిచ్చిన మొదటి పని ఒక అడవి. పని ఇచ్చిన కంపెనీ అచ్చం అడవిలాగే ఉండాలంది గాని పచ్చగా ఉండాలనలేదు. అందుకని మన ఎండు కొండలనే ఎంచుకున్నాం.

ఫొటోల కోసం మంగంపేట అవతలి కొండల్లోకి పోయాం. దారి చూపించింది ఓబులేసన్న, అక్కడి పల్లెలో మేకలు కాసేవాడు. బెరడు, ఆకు, రాయి, ఏది కనిపిస్తే దాన్ని నీడ పడకుండా ఫొటో తీయడం మా పద్ధతి. ఆయన నీళ్లకని చెలమకు పోయినప్పుడు దారి పక్కన ఒక ఎండుకొమ్మల కుప్ప కనిపించింది. చూడ్డానికి బాగుంది. ఆటలో ఏది ఎక్కడుండాలో పేర్చే మా లెవెల్ డిజైనరు రఫీ దాని చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు.

అప్పటి కంప్యూటర్లు అన్ని చెట్లను మోయలేవు. అందుకే ఒక్కో చెట్టుకు మూడు రూపాలు చేసేవాళ్లం. దగ్గరికి పూర్తి చెట్టు, కాస్త ఎడంగా ఉంటే కొమ్మలు తగ్గించింది, మరీ దూరానికైతే అట్టముక్క మీద బొమ్మలాంటిది. ఆటను నడిపించే ప్రోగ్రామును ఇంజిన్ అంటారు. అందులో ఒక బ్రష్ ఉంటుంది. దానికొక వస్తువు ఇచ్చి నేల మీద రాస్తే, విత్తనాలు చల్లినట్టు నకళ్లు పడతాయి. ఒకదాన్ని తిప్పి, ఇంకోదాన్ని పెంచి, అన్నీ ఒకటేనని తెలియకుండా చేస్తాం. బోసిగా అనిపించిన చోటల్లా ఆ కుప్పను చల్లాం. అడవి నిండుగా వచ్చింది. కంపెనీ కూడా ఒప్పుకుంది.

పని అయినాక చూపిస్తామని ఓబులేసన్నకు మాటిచ్చి ఉన్నాం. ఒకరోజు తువ్వాల్లో రేగుపండ్లు మూటగట్టుకుని వచ్చాడు. రఫీ తెర మీద అడవిలో నడిపించాడు.

"ముండ్లు గుచ్చుకోవు, కాళ్లు నొయ్యవు. ఇట్లాంటి అడివి నాకొకటి ఇయ్యప్పా."

"దీంట్లో మేకలుండవు పెద్దాయనా," అన్నాడు రఫీ.

"అయితే నువ్వే పెట్టుకో."

అందరం నవ్వాం. ఆయన నవ్వు మధ్యలో ఆగింది. తెర మీది కొమ్మల కుప్ప వైపు వంగాడు.

"ఇది మా రవణమ్మది గదా."

రవణమ్మ ఆయన కూతురు. కట్టెలకు పోయినప్పుడు పాము కరిచి, ఆ దారి పక్కనే ప్రాణం వదిలింది. అలా దారిలో ప్రాణం పోయిన చోట, దారిన పోయే ప్రతి మనిషీ ఒక ఎండుకొమ్మ వేసి పోవడం ఆ పల్లె ఆచారమట. ఆయన చెప్పేదాకా మాకెవరికీ తెలియదు.

"ఈడా ఉండాది. ఆడా ఉండాది. ఎంతమంది సచ్చిపోయినారు తల్లీ, ఈ అడివిలో?"

కుప్పలన్నీ తీసేయమని రఫీకి చెప్పాను.

"కంపెనీవాళ్లు ఒప్పుకున్నాక ముట్టుకుంటే ఎట్ల మేడమ్? మళ్లా మొదటికొస్తాది."

"రానీలే," అన్నాను.

ఓబులేసన్నే అడ్డుపడ్డాడు. "అన్నీ తీసేయొద్దు తల్లీ. ఒకటి ఉండనీ. దాని తావులో పెట్టండి."

ఆ తావు చూపించడానికి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఎడమపక్క పోప్పా. ఇంగ దిగు. చెలమ దాటినాక నల్లబండ వస్తాది." రఫీ పోతూనే ఉన్నాడు. చెలమ రాలేదు, బండా రాలేదు. చెట్టూ రాయీ ఆ కొండవే గాని, వాటిని పేర్చింది మేము. కొండను కొండగా మేం తీసుకోలేదు.

"ఆ తావు దీంట్లో లేదన్నా," అన్నాను.

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"తావే లేనప్పుడు బిడ్డ మాత్రం ఈడ ఎందుకు? తీసేయండప్పా."

నకళ్లన్నీ ఒకే మూలానికి కట్టి ఉంటాయి. అది తీసేస్తే అన్నీ పోతాయి. రఫీ మీట నొక్కగానే అడవంతా ఒక్కసారిగా బోసిపోయింది. "అంతేనా?" అన్నాడు ఓబులేసన్న.

ఆ ఖాళీల్లో ఎండుగడ్డి పెట్టాం. ముందుదే బాగుందని కంపెనీ రాసింది. మేం మార్చలేదు.

నేను రిటైరయ్యేదాకా మా విభాగంలో ఒక నియమం నడిచింది. అడవిలో ఏది ఫొటో తీయాలన్నా, అది దానంతటదే పడిందా, ఎవరైనా పెట్టిందా అని ముందు ఆ ఊరివాళ్లను అడగాలి. మనిషి పెట్టిందైతే దానికి నకలు తీయకూడదు.