మా అత్తమ్మను శారద బస్సెక్కించిన ఆదివారం

అది 2011. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో ఒక మేడ మీద మా ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. ఆదివారం పొద్దున్నే అక్కడ బస్సు బయల్దేరి, ఎల్బీనగర్ పికప్ పాయింట్‌లో మిగిలినవాళ్ళను ఎక్కించుకుని, నాగార్జునసాగర్ పోయి, రాత్రికి తిరిగొచ్చేది. డ్యాము, లాంచీలో నాగార్జునకొండ మ్యూజియం, అనుపులో పాతకాలపు రంగస్థలం, ఎత్తిపోతల జలపాతం, అన్నీ ఒకే రోజులో. ఆ బస్సులకు నేను గైడును. నా పేరు రాధిక. పుట్టింది నల్లగొండ జిల్లాలో, కాపురం మన్సూరాబాద్‌లో.

గైడంటే తలలు లెక్కపెట్టి, లాంచీ టికెట్లు తెచ్చే మనిషని చాలామంది అనుకుంటారు. అదీ ఉంటుంది. కానీ అసలు పని కామెంటరీ. అంటే మైకు పట్టుకుని, చూడబోయేదాని కథంతా దారిలోనే చెప్పడం. అందులో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం. ఇక్ష్వాకు రాజుల నుంచి డ్యాము గేట్ల దాకా అన్నీ నాకు నోటికొచ్చు. ముఖ్యంగా అనుపు. అక్కడ మధ్యలో చదునైన నేల, చుట్టూ రాతి మెట్లు. లోయ నీట మునగకముందు తవ్వి తీసి, తెచ్చి మళ్ళీ పేర్చారు. నేల మధ్యలో నిలబడి మెల్లగా మాట్లాడినా పై మెట్టు మీదున్న మనిషికి వినబడుతుంది. ఈ సంగతి నేను చెప్పగా విన్నవాళ్ళు ఈ ఊళ్ళో వీధికొకరు ఉంటారు.

ఇంత తెలిసిన నన్ను ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అందరూ శారదనే అడిగేవాళ్ళు.

శారద మా ఆఫీసులో రెండో గైడు. ఇద్దరం ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ చేశాం. మా ఇద్దరికీ ఒకే జీతం, ఒకే మైకు. ఆమెది మాచర్ల, ఉండేది కొత్తపేటలో. మా పనిలో రిక్వెస్ట్ బుకింగ్ అని ఒకటుంటుంది. ప్రయాణికుడు టికెట్ కొనేటప్పుడే ఫలానా గైడు కావాలని అడగడం. శారద పేరుతో వచ్చే బుకింగ్‌లు చూస్తుంటే నాకు కడుపులో మంట లేచేది. ఆమె బస్సు దిగేవాళ్ళు నవ్వుకుంటూ దిగేవాళ్ళు, ఫోన్ నంబర్లు ఇచ్చి పుచ్చుకునేవాళ్ళు. ఒకాయన జామకాయలు కూడా తెచ్చిచ్చాడు. నా బస్సు దిగేవాళ్ళు నడుం పట్టుకుని, ఆవులించుకుంటూ ఆటో వెతుక్కునేవాళ్ళు. పోనీ ఆమెకేమైనా గొప్ప గొంతుందా అంటే అదీ లేదు. దారంతా మాట్లాడేదే తక్కువట. మాట్లాడని గైడుకు ఇంత గిరాకీ ఏమిటో నాకు అంతుపట్టలేదు.

అసూయ అని ఒప్పుకుంటే చిన్నతనం కదా, దాన్ని తెలంగాణ ఉద్యమం ఖాతాలో వేశాను. ఆ రోజుల్లో చౌరస్తాకో దీక్షా శిబిరం ఉండేది, మాట మాటకూ మనది, మీది అని వచ్చేది. నేరుగా మా ఓనర్ రవీందరన్నతోనే అన్నాను.

"అన్నా, మన తెలంగాణోళ్ళు ఎక్కే బస్సుకు ఆంధ్రామెను ఎందుకు పెడుతున్నవ్?"

ఆయన నవ్వాడు. "అనుపు ఏ జిల్లాల ఉన్నది చెల్లె? గుంటూరు. డ్యాం దాటితే అంతా ఆమె దిక్కే. మనమే ఆమె ఊరికి బస్సేస్కొని పోతున్నం." తర్వాత నవ్వు మానేసి అసలు సంగతి చెప్పాడు. బందులతో టికెట్లు పడిపోయాయి. ఇకనుంచి వారానికి ఒకే బస్సు, దసరా నుంచి ఒకే గైడు. రెండోవాళ్ళు కౌంటర్లో కూర్చుని టికెట్లు రాయాలి. "ఎవరి పేరు మీద రిక్వెస్ట్‌లు ఎక్కువొస్తే బస్సు వాళ్ళది. నాకు ఇద్దరూ ఒకటే."

నాకు మాత్రం ఇద్దరం ఒకటి కాదు. బస్సు పోతే నేను లేనట్టే. ఆ మైకు తప్ప నాకు వేరే గొప్ప లేదు. శారద బస్సులో అసలేం జరుగుతుందో కనుక్కోవాలని మా అత్తమ్మ నర్సమ్మను పంపాను. ఆమెను శారద ఎన్నడూ చూడలేదు. పైగా మా అత్తమ్మ ఎల్బీనగర్ శిబిరంలో రోజూ ముందు వరుసలో కూర్చునే మనిషి. ఆమె దగ్గర శారద పప్పులుడకవని నా ధీమా.

"ఆమె ఏడ తప్పు చెప్తదో అంత యాదిపెట్టుకొని రా అత్తమ్మా," అన్నాను.

"నువ్వు పరేషాన్ గాకు. గామె సంగతి నేన్జూస్త," అంది, కొంగు బిగించి.

ఆ ఆదివారం చీకటి పడేసరికి పికప్ పాయింట్ దగ్గర, శారద కంటపడకుండా ఒక సోడా బండి పక్కన నిలబడ్డాను. బస్సు ఆగింది. మా అత్తమ్మ దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని దించుతున్నది శారద. "జాగ్రత్తండీ పెద్దమ్మగారూ, మళ్ళీ రావాలి," అంటోంది. కిటికీల్లోంచి పదిమంది చేతులూపుతున్నారు. నా బస్సుకు ఎన్నడూ ఎవరూ చెయ్యూపలేదు.

ఆటో ఎక్కగానే అడిగాను. అత్తమ్మ గొంతు బొంగురుపోయి ఉంది.

"గొంతేందత్తమ్మా గట్లయింది?"

"పాట పాడిన బిడ్డా."

"పాటా? ఆమె ఏం చెప్పింది మరి? తప్పులేమన్న దొరికినయా?"

"ఆమె ఏం జెప్పలె. అడిగింది. సాగర్‌ను ఇంతకుముందు సూసినోళ్ళు ఎవరన్న ఉన్నరా అన్నది. నేను చెయ్యి లేపిన. డ్యాం కడ్తున్నప్పుడు మా అమ్మ, నాయిన రాళ్ళు మోసిండ్రని చెప్పిన. ఇగ మైకు నా చేతికిచ్చి, ఆమె పక్కకు కూసున్నది."

నేను ఆటో కడ్డీ పట్టుకున్నాను. ఆ డ్యాము పొడవు, ఎత్తు నాకు నిద్రలో లేపినా వస్తాయి. మా అత్తమ్మ చిన్నప్పుడు ఆ కూలీల గుడిసెల్లో పెరిగిందని మాత్రం ఆ ఆటోలోనే మొదటిసారి విన్నాను. వాళ్ళమ్మ తట్టలు మోస్తూ పాడిన పాట ఈమెకు గుర్తుందట. కింద ఒకామె చరణం అందుకుంటే గట్టు మీదివాళ్ళు పల్లవి అనేవాళ్ళట. శారద ఈమెను అనుపులో నేల మధ్యన నిలబెట్టి, మిగిలినవాళ్ళను మెట్ల మీద కూర్చోబెట్టి, ఆ పాట పాడించింది. పొద్దున వంతెన దగ్గర నీళ్ళు ఎవరివని మా అత్తమ్మతో కొట్లాటకు దిగిన విజయవాడ పంతులుగారు కూడా పై మెట్టు మీంచి పల్లవి అందుకున్నాడట.

బస్సు పోతుందన్న భయం కంటే ఇదే నన్ను ఎక్కువ కాల్చింది. పెళ్ళయినప్పటి నుంచీ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుని తింటున్నాం. నాకు చెప్పని పాట, పొద్దున పరిచయమైన మాచర్లామెకు వినిపించి వచ్చింది.

"నాకెన్నడు చెప్పలేదేంది మరి?" అన్నాను.

అత్తమ్మ నన్ను తేరిపార చూసింది. "ఎప్పుడు చెప్పాలె? నువ్వు ఇంట్ల గూడ మైకు పట్టుకునే ఉంటవ్ గద బిడ్డా."

తర్వాతి వారం నేను కౌంటర్లో ఉన్నప్పుడే అత్తమ్మ మెట్లెక్కి వచ్చింది. వెనక శిబిరంలో ఆమె పక్కన కూర్చునే ముగ్గురు ఆడవాళ్ళు. నా ముందు నిలబడి, నేనెవరో తెలియనట్టు, "నాలుగు సీట్లు గావాలె. శారదమ్మ బస్సుల," అంది. రవీందరన్న టేబుల్ కింద ఏదో పడిపోయినట్టు వంగి నవ్వుకున్నాడు. ఆ రిక్వెస్ట్ బుకింగ్ నా చేత్తోనే రాశాను. దసరాకు బస్సు శారదకు, కౌంటర్ నాకు అన్నారు. ఆలోగా సకల జనుల సమ్మె వచ్చి అన్ని బస్సులూ ఆగాయి. అన్నం తింటూ శారద బస్సు కూడా ఆగింది కదా అనుకుని సంతోషించేదాన్ని. ఉద్యమం కోసం కాదు, ఉత్త కుళ్ళుతో.

సమ్మె అయిపోయి, కార్తీకంలో బస్సులు మళ్ళీ కదిలాయి. ఆ పాట నాకూ వినాలనుంది. ఇంట్లో పాడమంటే అత్తమ్మ పాడదు. "గాడికి రా, ఇనిపిస్త," అంటుంది. చివరికి ఇద్దరికీ టికెట్లు కొని, శారద బస్సులో అత్తమ్మతో పాటు వెనక సీట్లో కూర్చున్నాను. శారద ఆశ్చర్యపోయింది. దారిలో ఆమె అడిగినవి రెండు మూడు ప్రశ్నలే. మిగతాదంతా బస్సే మాట్లాడింది.

అనుపులో అత్తమ్మ పాడింది. నేను పై మెట్టు మీద కూర్చున్నాను. గట్టు మీది ఆడవాళ్ళ వంతు వచ్చినప్పుడు నా చుట్టూ అందరూ పల్లవి అన్నారు. నేనూ అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఈ మెట్ల మీద కూర్చోవడం నాకు ఇదే మొదటిసారి. నేనెప్పుడూ కిందే నిలబడి చెప్పేదాన్ని.

పాట అయ్యాక అత్తమ్మ పైకెక్కి కూర్చుంది. శారద నన్ను పిలిచింది. "రాధికగారూ, మీరూ ఏదైనా చెప్పండి. మీకు తెలిసినంత నాకు తెలియదు." ఆమె పోయి మెట్ల మీద కూర్చుంది. నేను నేల మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను. ఇక్ష్వాకులు గుర్తొచ్చారు, తవ్వకాలు గుర్తొచ్చాయి. నోరు తెరవబుద్ధి కాలేదు. తల వంచుకుని, నాలో నేను అనుకున్నాననే అనుకుని, "దీని మొహం మండ, ఎంత మంచిగ చేస్తదో. నాకెందుకు చాతగాదు," అన్నాను.

పైన మెట్ల మీద ఒక్కసారిగా నవ్వులు లేచాయి. తలెత్తి చూస్తే శారద కొంగుతో నోరు మూసుకుని ఉంది. ఏళ్ళ తరబడి ఊరందరికీ నేను చెప్పిన సంగతి, నాకే గుర్తు లేకపోయింది.

నవ్వులన్నీ ఆగాక శారద మెల్లగా అంది. "చాతకాకపోవడమేంటండీ. ఇప్పుడు చెప్పారుగా."

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాకూ బస్సు దొరికింది. ఇప్పుడు నా దగ్గరికి గైడు పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు నేను మొదట చెప్పేది ఒక్కటే: ఒక ప్రశ్న అడగండి, మైకు ఇచ్చేయండి, పోయి పై మెట్టు మీద కూర్చోండి. ఇది శారద దగ్గర నేర్చుకున్నానని కూడా చెబుతాను. చెప్పిన ప్రతిసారీ కడుపులో కొంచెం మండుతూనే ఉంటుంది. ఇక ఆ రోజు శారద మాట అయ్యీ కాకముందే పై వరుసలోంచి మా అత్తమ్మ అరిచిన అరుపు, నా చెవిలో ఇంకా ఉంది.

"మంచిగ ఇనబడ్డది బిడ్డా! ఇంకోపాలి చెప్పు!"