ఇంజనులో పలకపొడి పోసింది నేను కాదు

నా చిన్నప్పుడు మా పెదనాయన కారు ఇంజనులో పలకపొడి పోసింది నేను కాదు. ఈ మాట అరవై ఏళ్ళకు పైగా చెబుతున్నాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, దినాల భోజనాల దగ్గర చెప్పాను. విన్నవాళ్ళు నవ్వి, నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేయించారే తప్ప, జవాబు చెప్పాల్సిన మనిషి చేత చెప్పించలేదు. అందుకే రాస్తున్నాను.

అప్పట్లో మా మార్కాపురం మద్రాసు రాజధానిలో, కర్నూలు జిల్లాలో ఉండేది. పెదనాయనకు బడిపిల్లల రాతిపలకలు అరగదీసి చేసే కార్ఖానా ఉండేది. మా నాయన అందులోనే పని చూసుకునేవాడు, తన అన్న మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. పెదనాయన మద్రాసులో కొనుక్కొచ్చిన పాత కారు ఒక వేసవిలో పొగలు కక్కి ఆగిపోయింది. దాన్ని బాగుచేసే పనిని మా చట్రాల మేస్త్రి తాత తన నెత్తిన వేసుకున్నాడు. పలకలకు చెక్క చట్రాలు బిగించడం ఆయన పని. ఆయన బిగిస్తే పలకకీ చట్రానికీ మధ్య వెంట్రుక కూడా దూరదని ఊళ్ళో పేరు. ఇంజనును ముక్కముక్కగా విప్పి, కిరసనాయిలుతో కడిగి, పిస్టన్లకు కొత్త రింగులు తెప్పించి, నెల తిరిగేసరికి మళ్ళీ బిగించాడు.

కొబ్బరికాయ కొట్టి, కారు ముందు దూర్చి ఇంజనును లేపే హ్యాండిలు తిప్పారు. ఇంజను పలకలేదు. నలుగురు మనుషులు వంతులేసుకుని తిప్పినా పలకలేదు. ప్లగ్గులో నిప్పురవ్వ వస్తోంది, పెట్రోలు అందుతోంది. హ్యాండిలు మాత్రం ఉత్త తిరగలిలా తేలిగ్గా తిరిగిపోతోంది. లోపల పిస్టన్లు గాలిని నొక్కి పట్టడం లేదని మేస్త్రి తాతకు అర్థమైంది కానీ, ఎందుకో అర్థం కాలేదు.

అప్పుడు పెదనాయన కొడుకు, నాకన్నా రెండేళ్ళు పెద్దవాడు, గుంపులోంచి ముందుకొచ్చాడు.

"నాయనా, మొన్న ఇంజను మూత తీసున్నప్పుడు ఈడు దాంట్లో పలకపొడి పోసినాడు. నేను చూసినా."

కార్ఖానాలో తిరిగే పిల్లల్లో పలకపొడి అంటని చేతులు ఎవరివి? నా చేతులకు ఉంది, వాడి చేతులకూ ఉంది. నేను పోయలేదని ఎంత మొత్తుకున్నా పెదనాయన నా చేతులే చూశాడు. "పొడి రింగుల్ని తినేసినాది. నీకు బడెందుకురా? అర్ధవీడు పోయి మీ మేనత్త కాడ గొడ్లు కాసుకో. ఎల్లుండి బండి పోతాది" అన్నాడు. అప్పుడు నేను ఐదో తరగతిలో ఉన్నాను. క్లాసులో లెక్కల్లో నేనే మొదటివాణ్ణి. నాయన వైపు చూశాను. ఆయన నేల చూశాడు. అదీ నేను మరిచిపోలేదు.

మరునాడు గిద్దలూరు నుంచి లారీలు బాగుచేసే సాయెబు వచ్చాడు. మేమంతా ఆయన్ని మామా అనేవాళ్ళం. పెదనాయన చెప్పిందంతా విని, బీడీ ఆర్పి, పొడి పోసిన దొంగ ఎవరని అడిగాడు. నన్ను ముందుకు తోశారు. చూసిన సాక్షి ఎవరన్నాడు. వాడొచ్చాడు.

"సరే. సాక్షి హ్యాండిలు తిప్పాల, దొంగ వేలు పెట్టాల" అన్నాడు మామ.

నాలుగు ప్లగ్గులూ విప్పి, మొదటి రంధ్రం మీద నా బొటనవేలు పెట్టించాడు. ఇంజనులో దమ్ముంటే గాలి వేలిని తోసేస్తుందట. వాడు చెమటలు కక్కుతూ తిప్పాడు. చంటిబిడ్డ ఊదినట్టు తగిలింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే, నాలుగోదీ అంతే.

"చెప్పలా నేను?" అన్నాడు పెదనాయన.

"అప్పుడే తీర్పు ఎందుకన్నా, ఇంకో సాక్షి ఉండాడు" అని మామ ఇంజను ఆయిలు తెప్పించి, ఒక్కో రంధ్రంలో చెంచాడు పోశాడు. పొడి రింగుల్ని అరగదీసి ఉంటే ఆయిలు ఆ సందుల్ని కాసేపు పూడుస్తుంది, అప్పుడు వేలికి తగిలే గాలి గట్టిపడుతుంది. వాణ్ణి మళ్ళీ తిప్పమన్నాడు. నాలుగింటి మీదా మళ్ళీ నా వేలు పెట్టించాడు. ఏమీ మారలేదు.

"రింగులు బాగుండాయి. పిల్లోడు పొడి పోయలేదు" అన్నాడు మామ. నా తరఫున ఆ కార్ఖానాలో పలికిన మొదటి మాట అది. ఆయన మా వాడు కాడు, మా ఊరివాడూ కాడు.

నన్ను రంధ్రం గట్టిగా మూసి పట్టుకోమని, తను పొగగొట్టం దగ్గర చెవి పెట్టాడు. గాలి అక్కణ్ణించి సుయ్యిమని పోతోంది. అంటే గాలిని లోపలికీ బయటికీ వదిలే వాల్వులు పూర్తిగా మూసుకోవడం లేదు. పక్క రేకు విప్పి, జేబులోంచి పోస్టుకార్డు తీసి, వాల్వు కాడకీ దాన్ని కిందనుంచి నెట్టే ముక్కకీ మధ్య దూర్చబోయాడు. దూరలేదు. ఒక్కదాంట్లోనూ దూరలేదు. ప్రతి కాడ కొసకీ ఉన్న బుల్లి రేకు టోపీ ఆ సందంతా నింపేసి, వాల్వును మూసుకోనివ్వకుండా కాస్త ఎత్తి పట్టింది.

"ఇవెవురు పెట్టినారు?"

"నేనే పెట్టినా సాయెబూ" అన్నాడు మేస్త్రి తాత. "అన్నిట్లో సందు కనబడినాది. అరిగిపోయినాదనుకున్నా. నా చేతి పనిలో సందా అని..."

"నువ్వు బిగించింది పలక కాదు పెద్దాయనా. ఇనుము వేడెక్కితే ఒళ్ళు పెరుగుతాది. దానికి చోటుండాల."

ఎనిమిది టోపీలూ తాతే తన చేత్తో ఊడదీశాడు. మూడో తిప్పుకు ఇంజను అందుకుంది. తాత ఒక టోపీ నా చేతిలో పెట్టి, "నా తప్పు నీ మీద పడినాది నాయనా, మనసులో పెట్టుకోబాక" అన్నాడు. ఆయనకంటే నేను చిన్నవాణ్ణి. అయినా మన్నించమని అడిగాడు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు.

పెదనాయన తన కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని కారులో రైలు స్టేషను దాకా పోయి వచ్చాడు. నన్ను ఎక్కమనలేదు. అర్ధవీడు బండి సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నువ్వు పోయలేదురా అని ఇంట్లో ఎవరూ అననూ లేదు.

ఆ రోజు నుంచి ఎవరి మీద ఏ నేరం విన్నా, నాలుగు రంధ్రాల మీదా వేలు పెట్టి చూడందే నేను నమ్మను. తరవాత నేను బడిపంతులునయ్యాను. ముప్పయ్యేళ్ళలో సాక్షి చేత హ్యాండిలు తిప్పించకుండా ఒక్క పిల్లవాడినీ బెంచీ ఎక్కించలేదు. ఆ రేకు టోపీ నా పెట్టెలోనే ఉంది. మనుషుల మధ్య కూడా పోస్టుకార్డంత సందు వదలరాదా అని మా ఇంట్లో అంటారు. వదిలాను. ఆ సందులోంచి, ఇప్పుడు గిద్దలూరులో ఉంటున్న పెదనాయన కొడుక్కు ఏడు పోస్టుకార్డులు వేశాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. అన్నా, నీ చూపు బాగానే ఉందట, కళ్ళజోడు లేకుండా పేపరు చదువుతున్నావట. ఆ రోజు నేను పొడి పోయడం నువ్వు చూశావా, చూడలేదా? ఒక్క మాట రాయి.