డబుల్ డెక్కర్ ఎక్కిన గుమ్మడికాయ

బస్సు తప్పిపోయినా, పాలు విరిగినా, కిరసనాయిలు క్యూలో మన వంతు వచ్చేసరికి డబ్బా ఖాళీ అయినా దేవుడితో చెప్పుకోవచ్చా? కాలేజీ రోజుల నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. మా అమ్మ స్టవ్ వెలగకపోయినా ప్రార్థన చేసేది. ఇంత పెద్ద సృష్టిని నడిపేవాడికి మన స్టవ్ గొడవ ఎందుకని నేను నవ్వేదాన్ని. మొన్న ఆదివారం సికింద్రాబాదు నుంచి కిషన్‌బాగ్‌కు చేసిన ప్రయాణంలో ఆ ప్రశ్న మళ్ళీ నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది, అదీ గుమ్మడికాయ రూపంలో.

మా అన్నయ్య కిషన్‌బాగ్‌లో ఉంటాడు. బస్సు డిపోలో మెకానిక్. ఎండాకాలంలో ఇంటి పెంకులు సర్దుతూ నిచ్చెన మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. మంచంలో ఉండగానే ఒకరోజు నా చేతిలో గుమ్మడి గింజలు పెట్టాడు. "నీ ఇంట్ల పెరడున్నది గద, పెట్టు చెల్లె. కాసిందనుకో, కోతల పండుగ నాడు నేనే లేచి నడిచి దేవుని బల్ల కాడ పెడ్త" అన్నాడు. మా చర్చీల్లో ఏటా ఒక ఆదివారం అందరూ మొదటి పంటలోంచి ఏదో ఒకటి, కాయో కోడో గుడ్లో, తెచ్చి అర్పిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గింజ మొలిచింది, తీగ పాకింది, ఒకే ఒక్క కాయ పెద్దదైంది. అన్నయ్య కూడా కర్ర పట్టుకుని లేచాడు.

పొద్దున ఏడింటికల్లా స్టేషన్ దగ్గర జూపార్కు డబుల్ డెక్కర్ ఎక్కాను. పై అంతస్తులో ముందు సీటు దొరికితే నలభై దాటిన నేను కూడా చిన్నపిల్లనైపోతాను! కాయను ఒళ్ళో పెట్టుకున్నాను. ట్యాంక్‌బండ్ మీద చలిగాలి, అఫ్జల్‌గంజ్‌లో చెట్ల కొమ్మలు అద్దానికి రాసుకుంటూ పోవడం, మూసీ దాటగానే ఇరానీ హోటళ్ళ చాయ్ వాసన. ఈ ఊళ్ళో ఇంతకన్నా చవకైన సంబరం ఇంకోటి లేదు. బహదూర్‌పురా వచ్చింది. కాయను చంకలో పెట్టుకుని మెట్లు దిగుతున్నాను. డ్రైవర్ బ్రేకు వేశాడు.

కాయ నాకన్నా ముందు దిగింది. ఒక్కో మెట్టూ కొట్టుకుంటూ పోయి కండక్టర్ కాళ్ళ దగ్గర రెండు చెక్కలైంది.

"ఏందమ్మా, నా బస్సుకు దిష్టి తీసినవా?" అన్నాడు కండక్టర్.

"మంచిగైంది పో, రేపటి సంది బ్రేకులు గట్టిగ పడ్తయ్" అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు. బస్సంతా నవ్వు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నెలల తరబడి కాసిన కాయను ఆ నాలుగు మెట్లు కాపాడలేకపోయావా అని, ఎన్నడూ లేనిది, దేవుణ్ణి నిలదీశాను.

రిక్షా అతను రూపాయి అడిగాడు, బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను. తువ్వాల్లో కట్టిన చెక్కలను చూసి రిక్షా భాయ్ అడిగి సంగతి తెలుసుకున్నాడు. "ఫికర్ జెయ్యకమ్మా, పూరా కాయతోని ఎవరన్న కూర వండుతరా?" అన్నాడు.

అన్నయ్య తెల్ల చొక్కా తొడుక్కుని, కర్ర పట్టుకుని గడప మీదే కూర్చుని ఉన్నాడు. నేను తువ్వాలు విప్పాను. వదిన నోటి మీద చెయ్యి వేసుకుంది. అన్నయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"పగిలింది తీస్కపోయి దేవునికిస్తరా? మీరు పోండ్రి. నేను రాను."

నేను తువ్వాలు మళ్ళీ ముడి వేయబోయాను. వదినే కొంగు బిగించింది. "ఆరు నెల్లు ఇరిగి పండుకుంటివి, నిన్నేమన్న తీస్కపోయి చెత్తకుప్పల పారేసిన్నా? లే, లే. ఆడ పాటలు షురూ అయినయ్."

అన్నయ్య మొహం ఆమె వైపు తిప్పాడు. తర్వాత పక్కున నవ్వేశాడు. రెండు చెక్కలూ కలిపి ఎత్తబోతే కర్ర జారింది, తూలి తలుపు పట్టుకున్నాడు. మళ్ళీ ఒక్క చెక్కే ఎడమ చంకలో ఇరికించుకుని, కుడిచేత్తో కర్ర పట్టుకుని సందులో నడిచాడు. రెండోది నేను పట్టుకుని వెనకే వెళ్ళాను. బల్ల దగ్గర దాన్ని దించేటప్పుడు అతను ఎవర్నీ సాయం రానివ్వలేదు. చర్చి మొత్తం లేచి నిలబడింది.

తర్వాత వేలం! వేలం పాడే డిపో ఫోర్‌మన్ గొంతుకు మైకు అక్కర్లేదు. కోళ్ళు, బెల్లం, చెరుకు అయ్యాక గుమ్మడి చెక్క ఎత్తాడు. నేను పాడాను. వెనక చాప మీంచి ఎవరో పెంచారు. నేను ఇంకా పెంచాను. మా అన్నయ్య కాయ, వదులుతానా? వెనక గొంతు కూడా తగ్గలేదు.

"అరే, గీ లొల్లి జూడుండ్రి, వదినె, ఆడిబిడ్డ కొట్టుకుంటున్నరు!" అన్నాడు ఫోర్‌మన్.

తిరిగి చూస్తే వదిన. ఇద్దరం పడీపడీ నవ్వాం. "ఇంకో చెక్క గూడ ఉన్నదమ్మా, చెరొకటి తీస్కోండ్రి" అని అతను మా ఇద్దరి దగ్గరా వసూలు చేశాడు.

సాయంత్రం బహదూర్‌పురాలో బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. మామూలుగా అయితే చిరచిరలాడేదాన్ని. ఆ రోజు గుమ్మడి చెక్క చంకలో పెట్టుకుని, పొద్దున పాడిన పాట కూనిరాగం తీస్తూ ఉన్నాను. అన్నయ్య నడిచిన ఆ సందు కళ్ళముందు ఉంటే బస్సు ఆలస్యం లెక్కలోకే రాలేదు. రేపు కిరసనాయిలు క్యూలో కూడా ఇలాగే ఉంటానని మాటివ్వలేను.

మీరూ ఈ దారిలో వెళ్తే ఒక్క మాట: డబుల్ డెక్కర్ పైన కూర్చోవాలంటే చేతులు ఖాళీగా వెళ్ళండి, బరువుంటే కిందే కూర్చోండి. నేను తిరుగు ప్రయాణంలో కిందే కూర్చున్నాను. కాయ పగలకుండా చేరి ఉంటే అన్నయ్య దాన్ని మోయలేకపోయేవాడు. ఎవరో ఒకరు అందుకునేవారు, అతను ఉత్త చేతులతో వెనక నడిచేవాడు. ఇంతవరకు నాకు తెలుసు. ఆ మెట్ల మీద జరిగింది దేవుడి పనా, డ్రైవర్ కాలి పనా అన్నది మాత్రం కూర తినడం పూర్తయినా తేల్చుకోలేకపోయాను.